అమ్మ ముందు ఒక ‘పెద్ద’

మార్చి 2, ఆదివారం

మా వార్డు బీసీ మహిళకు వచ్చింది. పేపర్లో చూసి చాయ్ పొయ్యి మీద మర్చిపోయాను. గిన్నె మాడింది. మాడనీ.

భూపాలపల్లి నగర పంచాయతీ అయిందన్న పేరే గానీ ఇంతవరకు ఓట్లు లేవు, కౌన్సిలర్లు లేరు, అంతా ఆఫీసర్ల రాజ్యం. ఇదే మొదటి ఎన్నిక. మా వార్డుకు మొదటి కౌన్సిలరు ఒక ఆడది అవుతుంది. ఆ ఆడది నేను కాక ఇంకెవరు? రోడ్డు మీద రాళ్లు పెట్టి వంట చేసింది ఎవరు? లాఠీ దెబ్బకు మోచేయి వాచింది ఎవరిది? మొన్న తెలంగాణ బిల్లు పాసైన రోజు గులాలు చల్లుకుంటూ ముందు నడిచింది ఎవరు? కాంట్రాక్టర్ సుధాకర్ భార్య విమల మాత్రం కాదు. ఉద్యమం నడిచినన్నాళ్లూ ఆమె కిటికీ పరదా చాటున నిలబడి చూసింది. ఇప్పుడు నామినేషన్ వేస్తుందట. పాపం, ఇన్నాళ్లకు పరదా తీసింది.

మార్చి 4, మంగళవారం

ఈయనా నేనూ వకీలు దగ్గరికి పోయాం. చాయ్ తెప్పించాడు. “అక్క గెలిచినట్టే” అన్నాడు. కాగితాలు ముందేసుకుని — “పిల్లలెంతమందక్కా?”

ముగ్గురు, అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

పెన్నుకు మూత పెట్టేశాడు. “ఇద్దరికంటె ఎక్కువుంటె నిలబడనియ్యరక్కా. రూలు గట్లుంది.”

ఈయన నీళ్లు నములుతున్నాడు. నేనే అడిగాను — మా చెల్లెకు పిల్లలు లేరు, చిన్నదాన్ని దత్తతిస్తే?

“ఇచ్చినా లెక్కలకొస్తది. ఇచ్చుడు కాదక్కా...” గొంతు తగ్గించాడు. “కననే కనలేదనాలె.”

మార్చి 5, బుధవారం

కనలేదనడం ఎంత తేలికో ఇవాళ తెలిసింది. చిన్నది పుట్టింది నాలుగేళ్ల కింద, బంద్ నాడు, తొర్రూరులో మా తల్లిగారింట్లో. దవాఖానకు తీసుకుపోవడానికి బండి దొరకలేదు. మంత్రసాని చేతి కాన్పు. ఏ కాగితం మీదా ఎక్కలేదు. ఆ మంత్రసాని లేదు, మా అవ్వా లేదు. పక్కనున్నది మా చెల్లె సుజాత ఒక్కతే. దిక్కులేని కాన్పు అని అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు అదే అక్కరకు వచ్చింది.

కానీ పేరు... పేరే కొంప ముంచేలా ఉంది. దీక్షా శిబిరంలో, మైకు పెట్టించి, ఊరంతా చూస్తుండగా నా ఒళ్లో పడుకోబెట్టుకుని పేరు పెట్టించాను — తెలంగాణ. చప్పట్లే చప్పట్లు. పేపర్లో ఫోటో. ఏ లత అనో రమ అనో పెట్టి ఉంటే ఎవరికి గుర్తుండేది.

ఈయన — “మన పిల్లనే గద, స్వరూపా.” అంతే, మళ్లీ నోరు మెదపలేదు. బొగ్గుబాయిలోకి దిగి దిగి ఈ మనిషికి వెలుతురులో మాట్లాడటం మర్చిపోయినట్టుంది. డ్యూటీకి పోయాడు.

సుజాతకు ఫోన్ చేశాను. ఒక్క మాటకే ఒప్పుకుంది. “పంపియ్యక్కా, కండ్లల్ల పెట్టుకొని చూస్కుంట.” మర్యాదకైనా ఒకసారి కాదనాలి కదా.

మార్చి 7, శుక్రవారం

పాఠం మొదలు.

నన్ను పెద్దమ్మా అనాలి. సుజాతను అమ్మా అనాలి. ఎంత పని? అమ్మ ముందు ఒక ‘పెద్ద’ తగిలించాలి, అంతే. నాకు తగ్గేదేముంది, పెరిగేదే.

“అమ్మా, ఆకలైతుంది.” పలకలేదు.

“అమ్మా.” వంకాయలు తరుగుతున్నాను.

కొంగు పట్టుకుంది. విడిపించుకున్నాను. మౌనిక అడ్డం వచ్చింది — “పెట్టరాదే, చెల్లె ఏడుస్తున్నది.” దానికి ఒకటి అంటించాను. పెద్దపిల్లకు ఆ మాత్రం తెలివి ఉండొద్దా. దాని తమ్ముడు చూడు, గుమ్మంలో కూర్చుని తన పని తాను చూసుకుంటున్నాడు.

ఇది ఏడ్చింది. ముక్కు తుడుచుకుంది. మళ్లీ “అమ్మా” అంది. కంచం చూపించాను, మళ్లీ పొయ్యి గట్టు మీద పెట్టేశాను. అలా ఎన్నిసార్లో.

చివరికి — “పెద్దమ్మా, అన్నం పెట్టు.”

పెట్టాను. నెయ్యి కూడా వేశాను. రెండు ముద్దలు తిని అలాగే కూర్చున్న చోట నిద్రపోయింది.

మార్చి 8, శనివారం

మహిళా దినోత్సవం. మహిళా సంఘంలో మాట్లాడమన్నారు. తల్లి గొప్పతనం మీద మాట్లాడాను. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. బాగా వచ్చింది.

మార్చి 9, ఆదివారం

తొర్రూరులో దింపి వచ్చాను.

బస్సులో దారి పొడవునా నా ఒళ్లోనే. కొత్త గౌను. చిన్నమ్మ ఇంటికి అంటే సంబరం. “చిన్నమ్మ కాదు, అమ్మ” అన్నాను. సరే అన్నట్టు తలూపింది. హనుమకొండ దాటాక నా చెవిలో అడిగింది — “మరి గౌను కొన్నది అమ్మనా, పెద్దమ్మనా?” పెద్దమ్మ అని చెప్పాను.

సుజాత బస్టాండుకే వచ్చింది. తలలో పూలు. ఏదో పెళ్లికి వచ్చినట్టు. చెయ్యి చాచగానే ఇది పోయింది. నేను తిరుగు బస్సు ఎక్కేదాకా బాగానే ఉంది. బస్సు కదిలాక ‘అమ్మా’ అని అరిచింది. మన ఊరివాళ్లు ఎవరైనా ఉన్నారా అని బస్సంతా చూశాను. లేరు.

మార్చి 15, శనివారం

నామినేషన్ల పరిశీలన. బీఫాం నాకే వచ్చింది, అందుకే విమలకు కడుపుమంట. ఇండిపెండెంటుగా వేసింది. మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి ఆ పాత పేపరు బల్ల మీద పరిచింది. నా ఒళ్లో పిల్ల, నా నవ్వు. ఎంత సన్నగా ఉన్నానో అప్పుడు.

“ఈ పాప ఎవరమ్మా?” అని ఆఫీసరు.

“మా చెల్లె బిడ్డ సార్. చెల్లె పచ్చి బాలింత, రాలేకపాయె. పెద్దమ్మ ఒళ్లె కూసుంటె తప్పా సార్?”

సుజాత కూడా వచ్చింది, నా బిడ్డే సార్ అంది. పిల్లను చంకలో వేసుకుని మరీ వచ్చింది. ఆ అనడంలో ఎక్కడా తడబడలేదు. వకీలు కూడా మెచ్చుకున్నాడు. నాకే ఎందుకో ఒళ్లు మండింది.

“దేవుని మీద ప్రమాణం చెయ్యి మరి” అంది విమల. చేశాను. దేవుడేమన్నా వార్డు ఓటరా?

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. పిల్ల నా బిడ్డ అనడానికి రుజువు లేదన్నాడు. నామినేషన్ ఓకే.

బయటికి వచ్చాక పిల్ల నా వైపు చేతులు చాచింది. విమల మెట్ల మీదే నిలబడి చూస్తోంది. నేను ఎత్తుకోలేదు.

మార్చి 16

జ్వరం. ఏమీ రాయబుద్ధి కాలేదు.

మార్చి 22, శనివారం

గల్లీ గల్లీ తిరుగుడు. గొంతు పోయింది. విమల ఎక్కడికి పోయినా ఒకటే పాట — “కన్నబిడ్డనే కనలేదన్నది, రేపు మిమ్ముల గుర్తువడుతదా?” జనం వింటారు, నవ్వుతారు, ఆమె పంచిన చీర తీసుకుంటారు. నాకు చేతిలో చెయ్యి వేస్తారు.

మల్లవ్వ ఇంటికి పోయాను. శిబిరంలో నా పక్కనే కూర్చునే ముసలామె. పళ్లు లేని నోరు, పదునైన కళ్లు. కూర్చోమనలేదు.

“నిండు కడుపుతోటి నువ్వు రోడ్డు మీద కూసుంటె నడుముకు దిండు పెట్టింది నేనే. ఎవలకు చెప్తవే?”

చేతిలోని కరపత్రం ఆమె ముందు పెట్టాను.

“ఓటు నీకే ఏస్త. ఆ విమలకు ఎవలేస్తరు. గని మళ్ల నా ఇంటికి రాకు బిడ్డా.”

ఓటు వస్తుంది, అది చాలు. దండం పెట్టి వచ్చేశాను. దారంతా నడుము నొప్పి.

మార్చి 30, ఆదివారం

పోలింగ్. జనం బాగానే వచ్చారు. మీట నొక్కేటప్పుడు నా పేరు నేనే చదువుకున్నాను. బాగుంది.

సాయంత్రం ఫోన్ చేస్తే సుజాత — “పండుకున్నదక్కా.” వెనకాల దాని నవ్వు వినపడుతూనే ఉంది.

మార్చి 31, ఉగాది

పచ్చడి అందరికీ గిన్నెల్లో పోశాను. ఒక గిన్నె ఎక్కువైంది. ఈయన చూసి లేచి పోయాడు. మౌనిక ఆ గిన్నె తీసి పక్కన పెట్టింది.

ఏప్రిల్ 10, గురువారం

లెక్కింపు ఆపారు. పెద్ద ఎన్నికలు అయ్యాకనేనట. మా ఓట్లు మిషన్లలోనే మగ్గుతున్నాయి. నేను ఇంట్లో మగ్గుతున్నాను. ఆగలేక తొర్రూరు పోయాను.

వాకిట్లో ఆడుకుంటోంది. నన్ను చూసి ఆగింది. తర్వాత ఇంట్లోకి ఉరికింది — “అమ్మా, పెద్దమ్మచ్చింది.”

ఎంత చక్కగా అంది. ఒక్క తప్పు లేదు. నేను నేర్పిన పాఠమే.

చెవులు కుట్టించింది సుజాత. నన్ను అడగలేదు. ఇదేమిటంటే — “ఊర్లె అందరు నా బిడ్డనే అంటున్నరు. బిడ్డకు చెవులు కుట్టియ్యాల్నంటె అక్కను అడుగాల్నా?”

“అద్దెకిచ్చిన. గొడ్రాలివి కదా, సంబరపడతవని.” అనేశాను.

సుజాతకు కళ్లనిండా నీళ్లు. నా కంచంలో అన్నం వడ్డించింది, పప్పు పోసింది. పిల్ల సుజాత ఒళ్లో కూర్చుని నన్నే చూస్తోంది. తిని వచ్చాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, కానీ అన్నాను. మళ్లీ అంటానేమో కూడా.

మే 12, సోమవారం

గెలిచాను.

డప్పులు, దండలు, గులాలు. మెడ నొప్పి పుట్టింది. విమల మొహం మాడ్చుకుని కారెక్కింది. ఈయన కూడా నవ్వాడు. పెళ్లినాటి తర్వాత ఆ నవ్వు ఇప్పుడే చూడటం.

మే 19, సోమవారం

విమల కోర్టుకు ఎక్కుతోందట. అదే మాట — ముగ్గురు పిల్లలు. వకీలు నవ్వుతూనే ఉన్నాడు. “ఫికర్ జెయ్యకక్కా. ఐదేండ్లు సాగదీస్త.”

అంటే?

“అంటే ఏముంది, పిల్ల ఆడనే ఉండాలె. ఈ ఇంట్ల నిన్ను అమ్మా అని పిలిచిందా, కేసు పోయినట్టే.”

ఐదేళ్లకు దానికి తొమ్మిది దాటుతాయి. పొడుగు జడలు వచ్చే వయసు.

“రాజీనామ ఇస్తె కేసే ఉండదనుకో” అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను.

సుజాత ఫోన్. జూన్‌లో బడిలో వేస్తుందట. “తల్లి పేరు నాదే రాయించాలె గదక్కా?” అడిగింది. ఎంత అమాయకంగా అడిగిందో. రాయించు, అన్నాను.

జూన్ 2, సోమవారం

తెలంగాణ వచ్చింది.

బజారంతా జెండాలు, పాటలు. ఇంకా ప్రమాణం చేయకపోయినా నన్ను స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. సుజాత పిల్లను తీసుకుని వచ్చింది. రావొద్దని చెప్పాను. “పేరు పెట్టుకున్న పిల్ల పండుగ సూడొద్దా” అంది.

మైకు పట్టుకున్నవాడికి ఎవరు చెప్పారో ఏమో — “తెలంగాణ అని పేరు పెట్టుకున్న పాప మన నడుమ ఉన్నది, స్టేజీ మీదికి రావాలె.” చేతుల మీదుగా ఎత్తి నిలబెట్టారు. కొత్త పావడా. చెవులకు పోగులు.

ముందు వరుసలో విమల లేచింది. “అన్నా, వాళ్ల అమ్మ ఎవరో మైకుల చెప్పుమను. అందరం సంబరపడుతం.”

పాటలు ఆగిపోయాయి. జనం మొత్తం నన్నే చూస్తున్నారు. వాడు ఏమీ తెలియని వెధవ, వంగి అడిగాడు — “మీ అమ్మ ఎవరు బిడ్డా?”

అది నా వైపు చూసింది. నేను జెండా వైపు చూశాను. కానీ ఆ చూపు ఎలాంటిదో చూడకుండానే తెలుసు. కంచం గట్టు మీద పెట్టిన రోజు చూసిన చూపే.

“మా అమ్మ గామె” — సుజాతను చూపించింది. అంతటితో ఊరుకోలేదు. నా వైపు వేలు పెట్టి — “గీమె పెద్దమ్మ.”

ఒకటే చప్పట్లు. మళ్లీ పాట మొదలైంది. జనంలో మల్లవ్వ కనపడింది. ఆమె చప్పట్లు కొట్టలేదు. విమల కుర్చీలో కూలబడింది. ఇంక ఏ కోర్టులో ఏం చెప్పినా ఊరంతా విన్నది ఇదే. నేను కూడా చప్పట్లు కొట్టాను, కొట్టకపోతే చూస్తారని.

జూన్ 3, మంగళవారం

నిన్న రాత్రికి సుజాతా పిల్లా ఇక్కడే ఉన్నారు. పొద్దున ఈయన డ్యూటీకి పోయాడు, సుజాత స్నానానికి పోయింది, పెద్దపిల్లలిద్దరూ ఇంకా లేవలేదు. ఇది వంటింట్లో అన్నం తింటోంది. నెయ్యి వేశాను.

తలుపు దగ్గరికి వేసి దాని ముందు కూర్చున్నాను.

“బిడ్డా, ఎవ్వలు లేరు. ఒక్కసారి అమ్మా అను.”

ముద్ద నోటి దగ్గర ఆగింది. తలుపు వైపు చూసింది. నన్ను చూసింది.

“నేనేం అనను బిడ్డా. ఒక్కసారి.”

ముద్ద కంచంలో పెట్టేసింది. కంచాన్ని తన వైపు లాక్కుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“నేను అనలే పెద్దమ్మా... నేను అనలే.”

తిను, అన్నాను. తిను బిడ్డా, ఎవరూ తీసుకోరు. అది తినలేదు. కంచం వదలనూ లేదు. సుజాత వచ్చి ఎత్తుకునేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

పొద్దుటి బస్సుకే వెళ్లిపోయారు. వకీలు రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ప్రమాణానికి కట్టుకోవడానికి చీర తెచ్చానని సంఘం వాళ్లలో ఒకామె వచ్చింది, మంచం మీద పెట్టి పొమ్మన్నాను. రాజీనామా ఎవరికి ఇవ్వాలి... కమిషనర్‌కేనా? వకీలును అడిగితే మళ్లీ నవ్వుతాడు. కంచం ఇంకా కడగలేదు.