బొట్టు పెట్టిన రాయి

నార్కట్‌పల్లి,
20 సెప్టెంబర్ 2024

మా అన్న పెద్దులుకు,

తమ్ముడు ఎల్లస్వామి దండాలు. ఈ సంగతి ఫోన్లో చెప్పాలని మూడుసార్లు మొదలుపెట్టాను. "హోటల్ ఎట్ల నడుస్తాందిరా?" అని నువ్వు అడగ్గానే గిరాకీ ముచ్చట్లు చెప్పి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

నీ బిడ్డ స్వరూప పంపిన వీడియో చూశానన్నా. మన చేల మధ్య నుంచి కరెంటు రైలు! చిన్నప్పుడు రైలు చూడాలంటే నాయిన మనల్ని ఎడ్లబండి మీద కృష్ణ స్టేషన్‌కు తీసుకుపోయేవాడు. ఇప్పుడు స్వరూప పొద్దున డబ్బా కట్టుకుని పాలమూరు పోయి, నర్సు చదువు చదువుకుని, సాయంత్రానికి ఇల్లు చేరుతోంది. ఆ ప్లాట్‌ఫారం, ఆ బెంచీలు, ఆ తాగునీళ్ల నల్లాలు ఎంత ముద్దుగా ఉన్నాయో! హోటల్‌కు వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను. చాయ్ చల్లారిపోతున్నా వదలడం లేదు.

అయినా వదినె "దేవరకద్రల రైలెక్కి రా" అని పిలిస్తే రానన్నాను. ఎందుకో విను. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు సర్వేవాళ్లు నా చేనిలో తెల్లరాయి పాతారు, గుర్తుందా? ఉన్నదే రెండెకరాలు, పట్టాలు పడితే ఏం మిగులుతుందని భయపడ్డాను. నువ్వు అన్నానికి ఇంటికి పోయినప్పుడు గడ్డపారతో పీకి, గట్టు దాటించి నీ చేనిలో పాతాను. ఆ వారమే హోటల్ పేరు చెప్పి ఊరు విడిచాను. చివరికి పట్టాలు నీ చేనిలోనే పడ్డాయి. నీ కందిచేను నేనే తిన్నానన్నా. ఆ బండి ఎక్కే మొఖం నాకు లేదు.

నీ తమ్ముడు,
ఎల్లస్వామి

*

మక్తల్,
28 సెప్టెంబర్ 2024

చిన్నాయినా, నాయిన చెప్తుంటే నేను రాస్తున్నాను. ఒక్క మాట కూడా మార్చొద్దని ఒట్టు వేయించుకున్నాడు. – స్వరూప

ఓరి ఎల్లిగా,

ఆ రాయి పాతిన నాడు నేనే దానికి తూర్పు దిక్కు బొట్టు పెట్టిన. రైలంటే ఇంటికొచ్చే చుట్టమాయె. రెండు దినాలకు సూస్తే రాయి నా చేనుల ఉన్నది, బొట్టు పడమటికి తిరిగున్నది. గొర్లకాడి పోరగాళ్ల పని అనుకొని సర్వే సారుకు చెప్పిన. ఆయన ఒకటే నవ్వుడు. "గది పట్టాల రాయి గాదు పెద్దులూ, ఎత్తు కొలిచే రాయి. పట్టాలు కాయితంల మొదటి సంది నీ చేనులకెళ్లే ఉన్నయి" అన్నడు. మల్ల కొలిపిచ్చి నీ చేనులనే పాతిచ్చిండు. నువ్వు అప్పటికే నార్కట్‌పల్లి వోయినవ్.

చేను వోయిందని రెండు దినాలు బువ్వ తినలే, అబద్ధమెందుకు. కానీ మట్టికట్ట పోసుడు, వంతెన కట్టుడు, తీగలు గుంజుడు అన్నీ గట్టు మీద కూసోని సూసిన. సర్కారు మన దిక్కు గింత పని చేస్తదని కలల గూడ అనుకోలే. పిల్ల బండి దిగి వస్తాంటే పోయిన చేను యాదికి రాదురా.

రాయి జరిపినందుకు కోపం లేదు. తొమ్మిదేండ్లు గడప తొక్కలే సూడు, దానికున్నది కోపం.

ఆ రాయి నీ చేనులనే ఉన్నది. ఏటా దసరకు నేనే బొట్టు పెడుతున్న. ఇగ నా మోకాళ్లు వంగుత లేవు. పొద్దుగాల బండికి రా, నువ్వే పెట్టు. జర తూర్పు దిక్కు సూసుకొని పెట్టు.

నీ అన్న,
పెద్దులు