దుంబా పొట్టేలు సంతానం

బాపూ,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న పశువుల కాలేజీ డాక్టరమ్మ బోధన్‌కు వచ్చి మన గొర్రెల నెత్తురు తీసుకుంది. లావు తోక దుంబా పొట్టేలును కొన్నావని ఊరంతా నిన్ను చూసి నవ్వింది కదా, ఇవన్నీ దాని సంతానమే. తోకలో కొవ్వు పట్టే గుణం తరతరాలకు ఎలా దిగుతుందో వాటి జన్యువుల్లో వెతుకుతారట.

"ఏది దేని పిల్లో చెప్పగలవా?" అని అడిగింది.

మేతకు తోలుకెళ్తూ నువ్వు నేర్పినట్టే, ఏ తల్లికి ఏ పిల్లో, ఏ పిల్లకు తోక లావో, ఐదు తరాలు ఆగకుండా చెప్పాను.

"అచ్చం వాళ్ల బాపు లెక్కనే," అని అవ్వ మురిసిపోయింది.

రాసుకుంటున్న డాక్టరమ్మ తలెత్తింది. "ఇదంతా ఎవరు నేర్పారమ్మా?"

"మా బాపు నేర్పిండు మేడం. గొర్లు కాసెటోడు."

ఆమె కాగితంలో అన్నిటికంటే పైన నీ పేరు రాసింది. అక్షరం అక్షరం నేనే చెప్పి రాయించాను.

నీ బిడ్డ