ఎడమచేతి తలుపు

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. మీరు చేసిన అల్మరా పక్కలకి వార్నిష్ ఇంకా ఆరలేదు, ఆనుకోకండి. ఒక కాలు కుంటుతోంది, దాని కింద చెక్కముక్క పెట్టండి.

తలుపు తిరగేసి బిగించారని రాత్రి మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. ఇవాళ విప్పి మారుస్తానన్నారు. మార్చకండి. పొద్దున హడావుడిలో గ్లాసు కోసం చెయ్యి చాపితే, నా ఎడమ చేతికి ఇట్టే తెరుచుకుంది. నాది ఎడమచేతి వాటమనే అలా బిగించానని అప్పుడే చెప్పొచ్చుగా, నోట్లో మేకులు పెట్టుకుని ఊరుకునే బదులు. మీ చెల్లెలు చూసి నవ్వితే నవ్వనివ్వండి.

ఇంకో మాట. చిన్నప్పుడు ఈ చెయ్యి వాడకూడదని అమ్మ దాన్ని తువ్వాలుతో వెనక్కి కట్టేసేది. దాని కోసమని ఒకరు తలుపు బిగించడం ఇదే మొదటిసారి.