ఏ కాలంలో కాచింది ఆ కాలంలోనే

బస్టాండు ఎదురుగా భోజన హోటలు నడుపుతున్న నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇప్పుడే లేత బీరకాయ కూరతో అన్నం తిని రాస్తున్న వీలునామా ఇది. బుర్ర బాగానే పనిచేస్తోందని డాక్టరు చెప్పాడు. నోరు అంతకంటే బాగా పనిచేస్తోందని ఇంటిల్లిపాదీ చెప్పగలరు. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరపవలసింది నా బావమరిది. నా వంట తప్ప లోకంలో అన్నీ మెచ్చుకునే మనిషి కనుక పక్షపాతానికి తావుండదు.

1. నా స్వార్జితమైన హోటలును, గిన్నెలు, బల్లలతో సహా, నా కోడలికి సర్వహక్కులతో ఇస్తున్నాను. కొడుకుండగా కోడలికేమిటని ముక్కున వేలేసుకునేవారి కోసం కారణం కూడా రాస్తున్నాను. వానలు విడవని ఒక ఏడు చుట్టుపక్కల తోటల్లో సొరకాయ తప్ప మరేమీ మిగల్లేదు. రోజూ అదే వండాను. పక్క కొట్టు టైలరు కంచం ముందు నుంచి లేచి, "పెద్దాయనా, మేం మనుషులమా, సొరపాదు పందిళ్లమా? రోజూ మామీదికే పాకిస్తున్నారు!" అని అరిచాడు. సగం బల్లలు ఖాళీ అయ్యాయి. ఎక్కడో పండి గడ్డకట్టిన బఠాణీ సంచులు తెప్పిద్దామన్నాడు నా కొడుకు. నేను ససేమిరా అన్నాను. పైకి బింకంగా ఉన్నా, హోటలు మూతపడుతుందేమోనని లోలోపల భయపడుతూనే ఉన్నాను. అప్పుడు, కాపురానికి వచ్చి నెల తిరగని మా కోడలు కొంగు బిగించి వంటింట్లోకి వెళ్లింది. తొక్కను కరకరలాడేలా వేయించింది, గింజలు నూరి కారం కలిపింది, గుజ్జును పాలలో ఉడికించింది. "ఏం కూరమ్మా ఇది?" అని టైలరు అడిగితే, "ముందు తినండి బాబాయ్, పేరు తర్వాత చెప్తా" అంది. పేరు తెలిసేసరికి ఆయన మూడోసారి వడ్డించుకుంటున్నాడు.

షరతు ఒక్కటే. దగ్గరి తోటల్లో ఆ కాలంలో కాచిందే వండాలి.

2. సదరు టైలరుకు ఏటా తొలి సొరకాయ కూర జీవితాంతం ఉచితం. నోరెత్తకుండా తినాలి. పొగడడానికైతే ఎత్తవచ్చు.

3. ఫ్రిజ్‌లు బాగుచేసే నా కొడుకు నాకు ముచ్చటపడి కొనిచ్చిన పెద్ద ఫ్రీజరు తిరిగి అతడికే. ఇన్నేళ్లూ అందులో ఉతికిన తువ్వాళ్లు దాచుకున్నాను. కొత్తదానిలాగే ఉంది.

పెరట్లోని సీతాఫలం చెట్టు కూడా అతడిదే. వాళ్లమ్మ జబ్బుపడి నడివేసవిలో సీతాఫలం అడిగితే, ఊరంతా తిరిగి గడ్డకట్టిన గుజ్జు తెచ్చాడు. ఆమె ఒక చెంచా తిని, "చల్లగా ఉందిరా నాన్నా" అంది. తియ్యగా ఉందనలేదు. వాడి ముఖం చూసి, "మన చెట్టు కాచేదాకా ఉంటాలే" అని సర్దింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఉంది. తొలికాయ పండిన రోజున వాడు మంచం పక్కన కూర్చుని, ఒక్కో గింజా తీసి తినిపించాడు. ఆ కాపంతా తిని, చెట్టు ఖాళీ అయ్యాకే వెళ్లింది. కనుక ఆ చెట్టుమీద కోడలికి గానీ హోటలుకు గానీ ఏ హక్కూ లేదు. పండు కావాలంటే నా కొడుకును బతిమాలుకోవాలి. మా ఇంట్లో వాణ్ని ఎవరైనా బతిమాలే సందర్భం అదొక్కటే.

4. నేను పోయిన రోజు వచ్చినవారికి, ఆ ఉదయం మార్కెట్లో ఏది లేతగా ఉంటే అది వండి పెట్టండి. మామిడిపళ్ల కాలమైతే మాత్రం ముందు పళ్లు తినండి. నన్ను తలుచుకుని ఏడవడానికి ఏడాది పొడుగునా వీలుంటుంది. పళ్లు అన్నాళ్లుండవు.

తేదీ: తొలకరి పడ్డ వారం, గురువారం
(సంతకం) హోటలు పెద్దాయన

సాక్షులు:
మందుల షాపు యజమాని
బస్టాండు టైమ్‌కీపరు