సీలు మీద చోటు

మంగళవారం

ఇరవై రెండేళ్ల సర్వీసు తర్వాత మా ప్రైమరీ స్కూలుకి హెచ్ఎంనయ్యేను. పొద్దున్న కూతురి టీసీ కోసం వచ్చిన ఒకాయన నా టేబులు ముందే నిలబడి, "హెడ్మాస్టారు లేరేటమ్మా?" అన్నాడు. నేనే హెచ్ఎంనన్నా వినకుండా, కిందటేడు చేరిన రమణ మాస్టారికి కాగితం ఇచ్చేడు. రమణ నా వైపు చూసి నవ్వి, తనే సంతకం పెట్టేసేడు. నేను సొరుగులోంచి పాత సీలు తీసి అతనికి అందించేను.

సాయంత్రం టౌన్లో కొత్త సీలు చేయించడానికి వెళ్లేను. పాతదాని మీద 'ప్రధానోపాధ్యాయుడు' అనుంది. 'ప్రధానోపాధ్యాయురాలు' అని వెయ్యమన్నాను. షాపు భాయ్ అక్షరాలు లెక్కపెట్టి, "'రాలు'కి చోటు సాలదు మేడమ్. పాతదే ఉంచీండి, ఎవరు సూత్తారు?" అన్నాడు.

"చోటు చాలకపోతే సీలే పెద్దది చెయ్యండి" అన్నాను, షాపులో అందరూ తిరిగి చూసేలా.

ఆ గొంతు పొద్దున్న రమణ దగ్గర ఏమైపోయిందో.