గడ్డం కింద వెలుగు

నౌపడ,
19 నవంబరు 2017, ఆదివారం.

పూజ్యులైన పద్మకుమారి వదినగారికి,

మీ మరదలు చిన్నతల్లి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అత్తకి మోకాళ్ల వాపు తగ్గింది. మీ తమ్ముడికి ఈ వారం పగటి డ్యూటీ. వాన వెలిసి నాలుగు రోజులైంది, బట్టలు ఆరుతున్నాయి. అక్కడ మీరు, అన్నయ్యగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పెద్దవాళ్లకి ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని ఏడో తరగతిలో మా మేడం నేర్పారు. ఆ తర్వాత నేను బడికి వెళ్లలేదు కాబట్టి అదొక్కటే గుర్తుంది. మర్యాద అయిపోయింది. ఇక్కడి నుంచి రాసేది మర్యాదగా ఉండదు. ఓపిక ఉంటే చదవండి. లేకపోయినా చదవండి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు. ఫోన్‌లో మీతో ఎప్పుడైనా రెండు మాటలు పూర్తిగా అన్నానా? మీరు మాట్లాడుతుంటే “ఊఁ వదినా, సరే వదినా” తప్ప నా నోటికి ఇంకోటి రాదు. మొన్న బుధవారం కూడా అంతే. కోపంగా ఉండి కూడా “సరే వదినా” అని ఫోన్ పెట్టేశాను. ఆ సరే నాకొద్దు. దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ కాగితాలు.

నేను ఏడు వారాలు కూర్చుని వేసిన బొమ్మ ముఖాన్ని మీరు ఒక్క పూటలో చెరిపేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. దాని కింద నా పేరు ఉంచారు. నా కోపం దీని గురించే.

మీరు నాకు చేసింది మర్చిపోయానని అనుకోకండి. రెండేళ్ల కిందట మీకు ఆపరేషన్ అయితే వంట చేసి పెట్టడానికి విజయనగరం వచ్చాను. మీ గదిలో బల్ల మీద వరసగా ఆ చిన్న బొమ్మలు. తల, భుజాలు, గుండె దాకా, అంతే. ఒక్కొక్కటీ అరచేతిలో ఇమిడేంత. మిగతా ఒళ్లు ఎలా విరిగిపోయిందండీ అని అడిగాను. మీరు నవ్వాపుకోలేక కుట్లు పట్టుకుని, “ఒసే, విరగలేదే, ఇవి ఇలాగే వస్తాయి, బస్ట్‌లంటారు. ఊరికే బూడిదరంగులో వస్తాయి, రంగులేసి ప్రాణం పొయ్యడమే మన పని” అన్నారు. బ్రష్‌లు కడగమని నాకిచ్చారు. కడుగుతూ కడుగుతూ మీ పక్కనే కూర్చున్నాను. ఒక రోజు ఒక సిపాయి బొమ్మ నా చేతిలో పెట్టి మీసం గీయమన్నారు. మా నాన్న టెక్కలిలో సైకిళ్ల మడ్‌గార్డుల మీద పేర్లు రాసేవాడు కదా, ఆ చెయ్యి నాకొచ్చిందని మీరే అన్నారు. ఆ మీసం ఫోటో తీసి, మీలాగే బొమ్మలకి రంగులేసే మీ క్లబ్ వాళ్లందరికీ పంపారు. నేను తిరిగి వచ్చేటప్పుడు రెండు బ్రష్‌లు, మీ పాత రంగు సీసాలు కాగితంలో చుట్టి ఇచ్చారు. పెళ్లయ్యాక ఇది నీది అని నాకెవరైనా ఇచ్చిన వస్తువులు అవే. అంత ఇచ్చిన మనిషి మీద ఇంత కోపం రావడం నాకే బాగోలేదు. బాగోకపోయినా వచ్చింది.

మీరు నేర్పిన మొదటి సంగతి, వెలుగు పైనుంచి పడుతుందని. నుదురు, ముక్కు దూలం, బుగ్గల పైభాగం వెలగాలి. కనుబొమ్మల కింద, ముక్కు కింద, గడ్డం కింద నీడ ఉండాలి. అలాగే మూడు బొమ్మలు వేశాను. మీరు మెచ్చుకున్నారు.

నాలుగోది ఈ ముసలమ్మ. మీ క్లబ్‌లో ఎవరికీ అక్కర్లేని బొమ్మ. అందరికీ కిరీటాలు, కత్తులు, మీసాలు కావాలి. ఏ దేశపు ఆవిడో, తలకి గుడ్డ చుట్టుకుంది. “నువ్వేసుకో, విశాఖపట్నంలో పోటీ ఉన్నాది, కొత్తవాళ్లకి వేరేగా బహుమతులుంటాయి” అని పంపించారు. ఆ తలగుడ్డ చూడగానే నాకు మన ఉప్పు మళ్లు గుర్తొచ్చాయి.

నల్లటి ముఖానికి నల్లరంగు వాడకూడదని నాకు ఎవరూ చెప్పలేదు వదినా. రెండుసార్లు చెడగొట్టుకుని తెలుసుకున్నాను. నలుపు వేస్తే బొగ్గవుతుంది, మనిషి అవదు. ముదురు గోధుమరంగులో కాస్త నీలం, రవ్వంత ఎరుపు కలిపాను. మజ్జిగ మీద తేటలాగ పలచగా చేసి, ఒక పూత ఆరాక ఇంకో పూత వేశాను. వంటపని అయ్యాక మధ్యాహ్నం పెరటి గుమ్మంలో కూర్చునేదాన్ని, బల్బు కింద రంగు ఒకలాగ, పగటి వెలుగులో ఇంకోలాగ కనబడుతుంది కాబట్టి. కింది పెదవి ఒక్కదానికే నాలుగు రోజులు పట్టింది. ఎండకి ఎండి బూడిదరంగు తిరిగిన పెదవి అది. ఎర్రగా వేస్తే అబద్ధం.

వెలుగు సంగతి. వేసవిలో మన పెరటి వెనక గట్టు మీద నిలబడి చూడండి. మడి నిండా తేరిన నీళ్లు, అడుగున తెల్లటి ఉప్పు. పడిన ఎండంతా తిరిగి పైకి లేస్తుంది. పైనుంచి వచ్చే ఎండని తలగుడ్డ ఆపుతుంది. కింద నుంచి కొట్టేదాన్ని ఏది ఆపుతుంది? అందుకే అక్కడ వంగి పని చేసేవాళ్లకి నుదురు నీడలో ఉంటుంది. గడ్డం కింద, ముక్కు కింద, కళ్ల కింద వెలుగుంటుంది. కింది రెప్పలు పైకి బిగుసుకుపోతాయి. మడి దిగి ఇంటికొచ్చినా, పని మానేసి ఏళ్లయినా ఆ రెప్పలు సడలవు. నేను అదే వేశాను. మీరు నేర్పింది మర్చిపోయి కాదు, చూసి వేశాను. మిగతా లోకంలో మీరు చెప్పిందే సరి. ఉప్పు మడిలో కాదు.

ఇది మీకు నేను చెప్పాలా? నేను టెక్కలి నుంచి కోడలిగా వచ్చినదాన్ని. మీరు పుట్టిందే ఇక్కడ.

అక్టోబరు నెలాఖరున మీ తమ్ముడు ఆ బొమ్మని దూది కూరిన టిఫిన్ డబ్బాలో పెట్టి, ప్యాసింజర్ రైల్లో ఒళ్లో పట్టుకుని తెచ్చి మీకిచ్చాడు. సాయంత్రం మీరు ఫోన్ చేసి, “ఎవర్తే ఈ నల్లముసల్ది? బొగ్గు బస్తాలో పడ్డాదేటి?” అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. “ఉప్పు మళ్లల్లో పని సేసిన మనిషి వదినా” అన్నాను. అంతకంటే చెప్పలేదు.

పోయిన ఆదివారం మీ తమ్ముడి ఫోన్‌కి ఫోటో వచ్చింది. ఎర్ర రిబ్బను, పక్కన అట్ట మీద నా పేరు, మొదటి బహుమతి అని రాసి ఉంది. ముందు వేరే ఎవరి బొమ్మో అనుకున్నాను. గోధుమవన్నె ముసలమ్మ. గులాబీ పెదవులు, నుదుటి మీద మెరుపు, గడ్డం కింద నున్నటి నీడ. తలగుడ్డ అంచు ముక్క విరిగితే నేను అతికించిన చోటు కనబడింది. అప్పుడు తెలిసింది నా బొమ్మేనని. మీ తమ్ముడు సంబరపడి పకోడీలు తేవడానికి పరుగెత్తాడు. నేను తినలేకపోయాను.

బుధవారం ధైర్యం చేసి అడిగాను. మీ మాటలు ఒక్కటి వదలకుండా గుర్తున్నాయి. “ఒసే పిచ్చిదానా, అలాగే పెడితే జడ్జీలు దాని ముందు ఆగుతారేటే? వెలుగు తలకిందులు, రంగు సూస్తే అమాస. నీ పరువు పోతాదని నేనే కూకుని సరిజేసినాను. నడుం పడిపోనాది నాకు. దండం పెట్టడం మానేసి నిలదీస్తన్నావా?” అన్నారు. మీ క్లబ్ పెద్ద నరసింగరావు గారు మైకులో, ఈ అమ్మాయి చర్మం రంగు ఎంత సహజంగా తెచ్చింది అని మెచ్చుకున్నారని కూడా చెప్పారు. ఎవరి చర్మం వదినా అది?

మీ తమ్ముడికి చెప్పాను. “గెలిసినావు గదే, ఇంకేటి? బొమ్మకి పౌడరు రాస్తే నీ ముకం ఎందుకు మాడింది?” అన్నాడు. రెండు పూటలు ఆయన కంచంలోకి ఉప్పు లేని పులుసు పోశాను. ఇదేటే అంటే, “రంగు బాగున్నాది గదా, తినండి” అన్నాను.

పౌడరు అంటే గుర్తొచ్చింది. నన్ను చూడటానికి మా ఇంటికి వచ్చిన రోజు, మా పిన్ని నా ముఖానికి రాసిన పౌడరు మీరు మీ కొంగుతో తుడిచారు. లోపల ఏ రంగో చూడాలని. అందరి ముందూ తుడిచి, “సామనసాయే, పరవాలేదు” అన్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఆరేళ్లయింది, ఎవరికీ చెప్పుకోలేదు. నిజం రంగు తెలియాలని నా ముఖం తుడిచిన మీరే, నిజం రంగు ఉన్న ముఖం మీద పౌడరు పూశారు. రెండూ మంచికే అంటారు మీరు. మీ మంచితనం ఎప్పుడూ ఇంకొకరి ముఖం మీదే ఎందుకు చూపిస్తారు?

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెప్తాను.

డిసెంబరు పదో తేదీన హైదరాబాదులో పెద్ద ప్రదర్శన అన్నారు. పట్టుచీర కట్టుకుని రమ్మన్నారు. స్టేజి ఎక్కి ఆ చర్మం రంగు ఎలా కలిపానో చెప్పమన్నారు. నేను రాను. స్టేజి అంటే భయం కాదు, భయం ఉంది గానీ అందుకు కాదు. ఆ రంగు ఎలా కలిపారో నాకు తెలీదు, నేను కలపలేదు. ఆ ముఖం కింద నా పేరు ఉండటానికి వీల్లేదు. తీసేయించండి. మీ పేరు పెట్టుకుంటారో, ఏ పేరూ పెట్టరో నాకు అనవసరం. నరసింగరావు గారికి జరిగింది జరిగినట్టు మీరే చెప్పండి. వచ్చే ఆదివారం లోపల చెప్పకపోతే నేను ఆయనకి ఉత్తరం రాస్తాను. అక్షరాలు తప్పులు పోతాయి, ఆయన నవ్వుకుంటారు, నాకు సిగ్గేస్తుంది. అయినా రాస్తాను.

బహుమతిగా ఇచ్చిన రంగుల పెట్టె శుక్రవారం పార్సిల్లో అందింది. మూత తీసి చూశాను, దాచడం ఎందుకు. ఇరవై నాలుగు సీసాలు, అందులో నీలాలే నాలుగు. ఇన్నాళ్లూ నేను మీ పాత సీసా అడుగున ఎండిపోయిన నీలానికి నీళ్లు పోసి, పుల్లతో గీకి వాడాను. ఒక సీసా మూత తిప్పి, వాసన చూసి, మళ్లీ బిగించాను. రేపు ఈ ఉత్తరంతో పాటు మీ తమ్ముడు తెచ్చి మీ చేతికిస్తాడు. ఒక్క చుక్క తగ్గలేదు.

నా బొమ్మని మాత్రం ఆయనతో పంపించండి. మీ రంగు కింద నా రంగు ఇంకా ఉందో, గీకేసి వేశారో నాకు తెలీదు. ఎలా ఉన్నా పంపించండి. పోయి ఉంటే మొదటి పూత నుంచి వేసుకుంటాను.

మీరు బ్రష్ ఇచ్చిన చెయ్యే ఇదంతా రాసింది. మీ కాళ్లకి దండం పెట్టడం మాననుగానీ, ఈసారి తల వంచి కాదు.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య,
చిన్నతల్లి

తా.క. కవరు అంటించబోయి మళ్లీ తీశాను. ఇది చెప్పనని మాట ఇచ్చాను, కానీ చెప్పకుండా ఉంటే ఈ ఉత్తరమే అబద్ధమవుతుంది. ఉప్పు మళ్లలో పని చేసిన మనిషి అన్నానే, ఆవిడ మీ అమ్మ.

మీ తమ్ముడు డ్యూటీకి వెళ్లాక, ఏడు వారాలూ నాకెదురుగా పీట వేసుకుని కూర్చుంది. వెలుగు కింద నుంచి పడాలని, ఒళ్లో నీళ్లు పోసిన స్టీలు పళ్లెం పెట్టుకుని, మోకాళ్లు నొప్పెడుతున్నా కదలకుండా కూర్చుంది. ఆ బొమ్మ ముక్కు, నోరు ఏ దేశానివో నాకు తెలీదు. ఆ రంగు, ఆ కళ్లు మీ అమ్మవి. మిమ్మల్ని చదివించినన్నాళ్లూ ఆ మళ్లలో వంగి ఉన్న ముఖం అది. బొమ్మని డబ్బాలో పెడుతూ, వదినకి ఫోన్ చేసి మీరేనని చెప్తానత్తా అంటే ఒప్పుకోలేదు. “సెప్పకే. అది సూడగానే పోల్చుకుంటాది. ఇది నీ యమ్మే అని దానికి ఇంకొకలు సెప్పాలేటి?” అంది.

పోయిన ఆదివారం మీ తమ్ముడు పకోడీలకి వెళ్లినప్పుడు, “నా బొమ్మ గెలిసినాదా, ఇలాగ తే” అని నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. “బాగున్నాది. దొరసానిలాగున్నాది. ఎవులే ఈవిడి?” అని తిరిగి ఇచ్చేసింది. వేరే ఎవరి ఫోటోనో మీరు పొరపాటున పంపారని అనుకుంటోంది. “నాది ఎప్పుడు పంపుతాదో అడగవే” అని రోజూ నా వెంట పడుతోంది.

నేనింకా ఏమీ చెప్పలేదు. మీరొచ్చి చెప్పండి.