ఎవరి ఆదికి కుట్టారో

తెనాలి,
శుక్రవారం.

అమ్మీకి,

అస్సలాము అలైకుం. అల్లా దయవల్ల నేనూ, మీ అల్లుడూ, పిల్లలిద్దరూ ఇక్కడ బాగానే ఉన్నాం. రేపల్లెలో నువ్వూ, నవాజ్ భాయ్, భాభీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని అనుకుంటావేమో. నువ్వు స్పీకర్ పెట్టి మాట్లాడతావు అమ్మీ. నేనిక్కడ గొంతు తగ్గిస్తే నువ్వక్కడ "ఏంటీ? ఏంటీ?" అని పెంచుతావు, ఇంటిల్లిపాదీ వింటారు. అసలు మాట అడగాల్సి వచ్చినప్పుడు నువ్వు కూడా ఉత్తరమే రాస్తావు, అందుకని నేనూ రాస్తున్నాను. కవరు అంటించాక అతుకు మీద అడ్డంగా సంతకం పెడతాను. గీత ఎక్కడైనా చెదిరి కనిపిస్తే నీకంటే ముందు ఇంకెవరో చదివారన్నమాట. ఎవరో నేను పేరు చెప్పను.

రొయ్యపొట్టు అందిందా అని అడిగావు. అందింది. అరకిలో అని రాశావు, ఇక్కడ కూరగాయల కొట్లో తూకం వేయిస్తే నాలుగు వందల గ్రాములే తూగింది. కవరుకి వేసిన ముడి కూడా నీ చేతి ముడి కాదు. సరేలే, పోనీ. పెద్దాడికి దగ్గు తగ్గింది. మీ అల్లుడు ఇంకా బాపట్లకే వెళ్తున్నాడా అని అడిగావు. అక్కడికే. మోటార్లకి వైండింగ్ చేసే షాపు అక్కడే కదా, పొద్దున్న పాసింజర్‌కి వెళ్ళి సాయంత్రం పాసింజర్‌కి వస్తాడు. నా గొడవంతా ఆ బాపట్లలోనే మొదలైంది.

పోయిన నెల ఒక సాయంత్రం ఆయన చేతిలో ఒక కవరు కనిపించింది. లోపల డ్రెస్. లేత ఊదారంగు కాటన్, మెడ చుట్టూ సన్నటి పూల పట్టీ, ఫుల్ చేతులు. పండగ కాదు, పెళ్ళిరోజు కాదు. పదకొండేళ్ళ కాపురంలో ఈ మనిషి తనంతట తాను నాకు జడపిన్ను కూడా తెచ్చింది లేదు. "ఏంటండీ ఇది?" అన్నాను. "నీకే. కుట్టించా," అన్నాడు, నా వైపు చూడకుండా, చెప్పులు విప్పుకుంటూ. చెప్పులు విప్పుకుంటూ చెప్పే మాట ఏదీ నేను నమ్మను అమ్మీ, నా సంగతి నీకు తెలుసుగా.

వేసుకోబోయాను. నడుము దగ్గర ఇరుక్కుపోయింది. భుజాలు పట్టేశాయి. పొడవు మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఎడమ చెయ్యి మణికట్టుదాకా అందలేదు, కుడి చెయ్యేమో మణికట్టు దాటింది. బట్ట మంచిది, కుట్టు కూడా శుభ్రంగా ఉంది. కొలతలే నావి కావు.

"ఎవరి కొలతలిచ్చారండీ?"

"నీవే. నీ ఆదే ఇచ్చా."

సరిగ్గా సరిపోయే పాత డ్రెస్ ఒకటి ఆదిగా ఇస్తే టైలర్లు దాన్ని పక్కన పెట్టుకుని అచ్చం అలాగే కుట్టేస్తారు కదా. నా డ్రెస్ చూసి కుట్టింది నాకెందుకు పట్టదు? బీరువా తీసి లెక్కపెట్టాను. నావి పదకొండు, పదకొండూ ఉన్నాయి. "ఏ డ్రెస్ ఇచ్చారు? అదెక్కడుంది?" అంటే కాసేపు ఆలోచించి, "టైలర్ దగ్గరే ఉండిపోయింది," అన్నాడు. ఆ ఆలోచించడం దేనికి? పైగా తెనాలిలో టైలర్లే లేరా, బాపట్లలో కుట్టించాల్సిన ఖర్మేంటి?

ఆ రోజునుంచీ ఆ డ్రెస్‌ని ఏం చెయ్యాలో తెలియలేదు. బీరువాలో పెడితే ఆయన చెప్పింది నమ్మినట్టే. ఎవరికైనా ఇచ్చేస్తే సాక్ష్యం పోతుంది. అందుకని తలుపు వెనక కొక్కేనికి తగిలించాను, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆయన కంట్లో పడాలని. పక్కింటి కుసుమకుమారి గారు, అదే రిటైరైన టీచరమ్మ, చూసి, "పక్కలు వదులు చేయించుకోమ్మా, చక్కటి రంగు," అన్నారు. ఆవిడకేం తెలుసు? ఇది ఎవరో సన్నటి, పొట్టి పిల్లకి కుట్టిన డ్రెస్. పాతికేళ్ళు దాటి ఉండవు. ఆ పిల్లకి కుట్టించింది పొరపాటున నాకు తెచ్చాడో, లేక ఆ పిల్ల డ్రెస్ ఆదిగా పెట్టి ఇద్దరికీ ఒకేసారి కుట్టించాడో! సిగ్గు విడిచి చెప్తున్నా, స్టేషన్ రోడ్డులో నడుస్తుంటే కనిపించిన ప్రతి ఆడపిల్ల భుజాలూ కళ్ళతోనే కొలిచాను. పిల్లలకి అన్నం పెడుతూ కూడా అదే ఆలోచన. వండినదాంట్లో ఉప్పుందో లేదో కూడా తెలిసేది కాదు.

డ్రెస్ మెడ లోపల చిన్న గుడ్డముక్క మీద "కరుణ, బాపట్ల" అని కుట్టి ఉంది. మంగళవారం పిల్లల్ని బడికి పంపి, డ్రెస్ సంచిలో పెట్టుకుని, ఆయన వెళ్ళిన తర్వాతి బండెక్కాను. కరుణ అంటే సన్నగా, పొట్టిగా, కాటుక పెట్టుకుని ఉంటుందని దారి పొడవునా ఊహించుకుంటూ వెళ్ళాను. ఏమేం అడగాలో కూడా వరసగా అనుకున్నాను.

చూద్దును కదా, ఆవిడకి యాభై దాటాయి. కళ్ళద్దాలు, మెడలో టేపు, నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత మనిషి. సగం అనుమానం గుమ్మంలోనే పోయింది. మిగతా సగం పట్టుకుని లోపలికి వెళ్ళాను.

"ఇది కుట్టింది మీరేనా అండీ?"

"నేనేనమ్మా. మోటార్ షాపు బాబుగారి ఇంట్లోవాళ్ళా? కూర్చోండి. సరిపోయిందా?"

"ఎక్కడ సరిపోయిందండీ? ఈ చేతులు చూడండి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎవరైనా ఇలా కుడతారా?"

ఆవిడకి కోపం రాలేదు. రెండు చేతులూ కలిపి పట్టుకుని చూసి, నోటుపుస్తకం తిరగేసింది. "ఆదిలో అలాగే ఉందమ్మా. ఇదిగో, రాసుకున్నా కూడాను. కుడి చెయ్యి అంగుళన్నర ఎక్కువ. నేనూ ముందు పొరపాటనే అనుకున్నా. తిరగేసి చూస్తే అంచు లోపలికి మడిచి చేత్తో కుట్టి ఉంది. ఒకసారి ఊడితే మళ్ళీ అంతే శ్రద్ధగా కుట్టారు. పొరపాటుని ఎవరూ అంత ఓపిగ్గా కుట్టుకోరమ్మా. ఆ మనిషికి అలాగే కావాలి కాబోలని నేనూ అలాగే ఉంచా."

ఆ కుడి చెయ్యి అంచు తిరగేసి చూశాను. అప్పుడడిగాను, "ఆ ఆది డ్రెస్ ఏ రంగండీ?"

"ముదురాకుపచ్చ. తెల్ల చుక్కలు. కొత్తది ఇచ్చిన రోజే అదీ బాబుగారి చేతికిచ్చేశాగా!"

అమ్మీ, నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. నాకే తెలియలేదు. నెల్రోజులు ఆ డ్రెస్ ఎదురుగా పెట్టుకుని, ఆ పొడుగు చెయ్యి పట్టుకుని చూసి కూడా నాకు తెలియలేదు. ముబీనాది. మరిగే గంజి ఒలికి కాలిన చెయ్యి. భట్టిప్రోలు స్కూల్లో పాఠం చెప్తూ బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తినప్పుడల్లా మచ్చ బయటపడుతోందని, టైలర్లతో పోట్లాడి మరీ కుడి చెయ్యి పొడుగ్గా కుట్టించుకునేది నా చెల్లెలు. ఎవరో పిల్ల అని నెల్రోజులు నేను తిట్టుకుంది దాన్నే. కరుణ గారు మంచినీళ్ళిచ్చి, "ఇవ్వమ్మా, పక్కలు వదులు చేసి, చెయ్యి కూడా సరిచేసిస్తా, పది నిమిషాల పని," అంది. వద్దండీ అని సంచిలో పెట్టేసుకున్నాను. ఆవిడ ముందే ఏడ్చాను.

ఇప్పుడు నీ ఉత్తరంలో ఆఖరి ప్రశ్నకి వస్తాను. "ముబీనా బట్టలన్నీ ఇచ్చేశావు కదా, ఒక్కటి కూడా ఉంచుకోలేదు కదా" అని అడిగావు. ఉంచుకున్నాను అమ్మీ. నలభయ్యో రోజు నువ్వు ఖురాన్ మీద చెయ్యి పెట్టించి అడగలేదు కాబట్టి సరిపోయింది, అడిగి ఉంటే దొరికిపోయేదాన్ని. ఆసుపత్రికని మా ఇంటికొచ్చినప్పుడు అది తెచ్చుకున్న సంచిలోవి అన్నీ ఇచ్చేశాను. ఆ చుక్కలది మాత్రం చెయ్యాడక దిండు గలీబులో పెట్టి బీరువా అడుగున, దుప్పట్ల కింద దాచాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు. తీస్తే దాని వాసన పోతుందని భయం.

బాపట్లనుంచి వస్తూనే దుప్పట్లు లాగి చూశాను. గలీబు ఖాళీ. సాయంత్రం ఆయన రాగానే ఎదురుగా పరిచాను. ఈసారి చెప్పులు విప్పుకోనివ్వలేదు. అప్పుడు నిజం చెప్పాడు. నేను రోజూ వేసుకునేవి తీస్తే కనిపెట్టేస్తానని, అడుగున దాచిన పాత డ్రెస్ ఏదో ఉంటే అదే నాదనుకుని తీసుకెళ్ళాడట. కొత్తది తెచ్చిన రోజే పాతది బండిలో సీటు మీద మర్చిపోయాడట. "పాత డ్రెస్సే కదా, కొత్తది వచ్చింది కదా అని చెప్పలేదు," అన్నాడు.

"అసలు మీకీ బుద్ధెందుకు పుట్టిందండీ?" అని అరిచాను.

"చెల్లి పోయాక నువ్వు ఒక్క డ్రెస్ కుట్టించుకోలేదు షాహీ. మూడేళ్ళు. నేనన్నా కుట్టిద్దామని," అన్నాడు.

అది ఎవరిదో చెప్పాను. గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు మీ అల్లుడు. మర్నాడు అప్పికట్లలో, నిడుబ్రోలులో, చుండూరులో దిగి స్టేషన్ వాళ్ళని అడిగి, ఏ బండికో ఇల్లు చేరాడు. దొరకలేదు. ఇక దొరకదు. నేను ఆయన్నేమని అనుమానించానో ఆయనకింకా తెలియదు. చెప్పి క్షమించమని అడగాలి, ధైర్యం చాలడం లేదు.

డ్రెస్ మాత్రం కొక్కెం మీంచి తీసేశాను. బీరువాలో నా పదకొండు డ్రెస్సుల మధ్య పెట్టాను, అడుగున కాదు. నాకు పట్టదు, నా పిల్లలకి పనికిరాదు, ముబీనా దీన్ని చూడను కూడా చూడలేదు. దాని వాసన లేదు. అయినా దాని భుజం ఎంత, నడుము ఎంత, ఏ చెయ్యి దాచుకునేది, ఈ లోకంలో ఇప్పుడు ఇందులో తప్ప ఎక్కడా లేదు. అందుకే ఒక్క కుట్టు కూడా విప్పనివ్వను. దాని వస్తువు ఒక్కటి మిగిలినా మన ఏడుపు ఆగదన్నావు. అన్నీ ఇచ్చేశాననుకున్నావు కదా, నీ ఏడుపు ఆగిందా?

ఒక్క మాట మిగిలింది, కోప్పడకు. అన్నీ ఇచ్చేశావా అని ఈ మూడేళ్ళలో ప్రతి ఉత్తరంలోనూ అడిగావు. నిజంగా అన్నీ ఇచ్చేసిన మనిషి ఇంకొకరిని అన్నిసార్లు అడగదు అమ్మీ. నీ దగ్గర ఏముంది? దుపట్టానా? దువ్వెనా? ఆదివారం పొద్దున్న బండికి రేపల్లె వస్తున్నాను. నేను దీన్ని తెస్తాను. నువ్వు దాచుకున్నదేదో తీసి మంచం మీద పెట్టు.

ఇట్లు,
నీ పెద్ద కూతురు,
షాహీనా